వంద పీసుల కారు సర్వీసింగ్ కిట్: అసలు పని దగ్గరే చేతులెత్తేసింది

ముందే చెప్పేస్తున్నాను, ఈ కిట్‌కి నేనిచ్చేది ఐదుకి రెండు. ఇంట్లోనే సర్వీసింగ్ మొత్తం చేసుకోవచ్చు, అన్ని కార్లకీ సరిపోతుంది, వందకు పైగా పీసులు అని పెట్టె మీద పెద్దక్షరాలతో వేశారు. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, బ్యాటరీ, ఇలా మామూలుగా ఇంటి దగ్గర ఎవరైనా చేసుకునే పనులన్నీ దీంతోనే చేసి చూశాను. కొన్ని హాయిగా అయిపోయాయి. కానీ ఏ పనికైతే పనిముట్టు గట్టిగా, కొలతకి సరిగ్గా ఉండి తీరాలో ఆ పని దగ్గరికి వచ్చేసరికి ఇది చేతులెత్తేసింది.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఇంట్లో కారు పని మొదలుపెట్టి మధ్యలో విసిగిపోయి మానేసినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లలో ఆయిల్ మార్చడం అర్థంకాక మానేశామన్నవాళ్లు ఒక్కరూ లేరు. బోల్టు తల అరిగిపోయిందంటారు, ఫిల్టర్ ఎంత తిప్పినా కదల్లేదంటారు, క్లిప్పు విరిగిపోయిందంటారు, కారు కింద పడుకుంటే భయమేసిందంటారు. ఈ నాలుగూ పనిముట్లు తెచ్చిపెట్టిన తలనొప్పులే. మొదటిసారి కొనేవాళ్లు ఇలాంటి కిట్టే కొంటారు, అది సతాయిస్తే తమకే చేతకాలేదనుకుని అన్నీ మూల పడేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే కారు గురించి తెలుసుకోవాలన్న ఇష్టం ఉన్నవాళ్లే ఈ పనికి దిగేది.

పెట్టె తెరవగానే చూడ్డానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. అన్నీ వరసగా, దేని గుంటలో అది. అయితే ఆ వంద పీసుల్లో సగం స్క్రూడ్రైవర్ బిట్లూ, అలెన్ కీలూ. మిగిలిన సాకెట్లలో, అంటే బోల్టు తలకి తొడిగి తిప్పే గొట్టాల్లో, మళ్లీ ఒక వరస మొత్తం ఇంచుల సైజులు. ఇప్పటి కార్లలో దాదాపు అన్నీ మిల్లీమీటర్ల బోల్టులే, కాబట్టి ఆ వరసని మీరు ముట్టుకునే అవసరమే రాదు. నిజానికి మామూలు సర్వీసింగ్‌లో మాటిమాటికీ చేతిలోకి తీసుకునేవి 8, 10, 12, 13, 14, 17, 19 సైజులు. అందులో 10 ఎంత వాడతామో లెక్కే లేదు: బ్యాటరీ టెర్మినల్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, కాయిల్ బోల్టు, కింద ప్లాస్టిక్ షీటు, ఎక్కడ చూసినా అదే. దాన్ని మాత్రం ఒక్కటే ఇచ్చారు, అది కూడా పొట్టిది. లోతుగా ఉన్న బోల్టుకి అందే పొడుగు సాకెట్ లేదు. వంద లెక్క చూపించడానికి బిట్లు నింపినవాళ్లు ఇంకో రెండు 10 సాకెట్లు వేస్తే ఏం పోయేది?

ఇక అసలు గొడవ డ్రెయిన్ బోల్టు దగ్గర మొదలైంది. ఇంజన్ అడుగున ఆయిల్ పాన్‌కి ఉండే బోల్టు అది, దాన్ని విప్పితేనే పాత ఆయిల్ దిగుతుంది. అంతకుముందు సర్వీసింగ్‌లో ఎవరో గాలి గన్‌తో బిగించేశారు, అస్సలు కదలనంత బిగువు. కిట్‌లోని 17 సాకెట్ పెట్టి రాచెట్ (సాకెట్‌ని తిప్పే పిడి) మీద బలం వేయగానే టక్కుమని జారింది. టార్చి వేసి చూస్తే బోల్టు తల మీద రెండు మూలలు గుండ్రమైపోయి, అరిగిన చోట లోహం మెరుస్తోంది. సాకెట్ తీసి లోపల చూశాను, దాని పళ్ల అంచులు కూడా అణిగిపోయాయి. అంటే మెత్తటి ఉక్కు. పైగా పన్నెండు మూలల సాకెట్. ఈ తేడా కొనేటప్పుడు ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను: ఆరు మూలల సాకెట్ బోల్టు తల పక్కల మీద ఒత్తిడి పెడుతుంది, పన్నెండు మూలలదైతే మూలల దగ్గరే పట్టుకుంటుంది. మామూలు బిగువుకి ఏదైనా ఒకటే. బిగుసుకుపోయిన బోల్టుకి, కొంచెం తుప్పు పట్టిన తలకి పన్నెండు మూలలది పెడితే మూలలు అరగడం ఖాయం. తర్వాత విడిగా కొన్న ఆరు మూలల 17 సాకెట్‌ని సుత్తితో మెల్లగా కొట్టి పూర్తిగా కూర్చోబెట్టి, పొడుగు హ్యాండిల్ వేస్తే అదే బోల్టు ఒక్క పట్టులో వదిలింది. బోల్టు అదే, చెయ్యీ అదే, మారింది సాకెట్ ఒక్కటే.

బోల్టు పోతే కొత్త బోల్టు దొరుకుతుంది. చాలా కార్లలో ఆయిల్ పాన్ అల్యూమినియంది, దాని మరలు పోతేనే పెద్ద ఖర్చు. అందుకే కిట్‌తో వచ్చిన సూచనల కాగితం చూసి ఒళ్లు మండింది. ‘డ్రెయిన్ బోల్టును వీలైనంత గట్టిగా బిగించండి’ అని రాశారు! ఇది చదివి మొదటిసారి పని చేసేవాళ్లు బలమంతా పెట్టి బిగిస్తే ఏమవుతుంది? డ్రెయిన్ బోల్టు బిగువు ఎంతుండాలో కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, చాలా కార్లలో అది 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల (బిగించే బలానికి కొలత) మధ్యే. అదేమంత పెద్ద బలం కాదు. లీకు ఆపేది బోల్టు కింద ఉండే వాషర్. రాగిదో అల్యూమినియందో, బిగిస్తున్నప్పుడు అది కొంచెం నలిగి సందు మూస్తుంది. నలిగిన వాషర్ రెండోసారి సరిగ్గా నలగదు, అందుకని ఆయిల్ మార్చినప్పుడల్లా కొత్తది వేయాలి. చుక్కచుక్కగా కారుతుంటే ఇంకా ఇంకా బిగించేవాళ్లున్నారు, అక్కడ మారాల్సింది వాషర్. ఇంత పెద్ద కిట్‌లో నాలుగు రకాల వాషర్లు వేయడానికి చోటు లేకపోయిందట.

ఆయిల్ ఫిల్టర్ సంగతి ఇంకా ఘోరం. దీనికోసం కిట్‌లో రెండు రకాలు ఇచ్చారు, ఒకటి రబ్బరు పట్టీ ఉన్న రెంచి, ఇంకోటి ఫిల్టర్ చివరకి టోపీలా తొడిగే కప్పుల సెట్టు. కప్పు సరిగ్గా కూర్చోవాలంటే వ్యాసం, ముఖాల సంఖ్య రెండూ కలవాలి. 14 ముఖాల కప్పు 16 ముఖాల ఫిల్టర్‌కి ఎక్కదు, వ్యాసం ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా తిప్పగానే జారుతుంది. నా ఫిల్టర్‌కి సరిపోవాల్సిన కప్పు మీద సైజు అంకె సరిగ్గానే ఉంది, కానీ కప్పే పల్చటి రేకుతో చేసింది కావడంతో బలం పడగానే నోరు విచ్చుకుంది. పట్టీ రెంచి ఏమో ఆయిల్ తగిలిన క్షణం నుంచి ఇక పట్టుకోదు, మరి ఆయిల్ ఫిల్టర్‌కి ఆయిల్ తగలకుండా ఎలా ఉంటుంది! దానికితోడు ఈ ఫిల్టర్‌ని కారు తయారుచేసినవాళ్లు సైలెన్సర్ గొట్టానికీ కింది దిమ్మెకీ మధ్య ఇరుకులో పెట్టారు, పట్టీ హ్యాండిల్ తిప్పడానికి ఇంత చోటు లేదు. కిందనుంచి చెయ్యి పెడితే మోచెయ్యి ఆనుకుంటుంది, పైనుంచి చూస్తే కనపడదు, చేత్తో తడుముకుంటూ పని చేయాలి. చివరికి మూడు కాళ్లతో పట్టుకునే రెంచి విడిగా తెచ్చి తీశాను, అది బిగువు పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మీరు ఒక్క పనిముట్టే కొనగలిగితే అది కొనండి.

ఫిల్టర్ ఊడాక పాత రబ్బరు రింగు దాంతోపాటే వచ్చిందో లేదో తప్పకుండా చూడండి. ఒక్కోసారి అది ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది, దాని మీద కొత్త ఫిల్టర్ రింగు కూర్చుంటే ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే ఒత్తిడికి ఆయిలంతా బయటికి చిమ్ముతుంది. కొత్త రింగుకి వేలితో కొంచెం కొత్త ఆయిల్ రాసి, రింగు ఆనేదాకా చేత్తో తిప్పి, ఆ తర్వాత ముప్పావు చుట్టు తిప్పితే మామూలుగా చాలు, ఎంతనేది ఫిల్టర్ మీదో దాని డబ్బా మీదో వేసే ఉంటుంది. బిగించడానికి రెంచి అక్కర్లేదు. మూత విప్పి లోపల కాగితం ఫిల్టర్ మార్చే కార్లయితే ఆ మూత చాలావాటిలో ప్లాస్టిక్‌ది, ఎంత బిగించాలో మూత మీదే అచ్చువేసి ఉంటుంది, చాలావరకు 25 న్యూటన్ మీటర్లు. కిట్ కాగితం ఇక్కడ కూడా ‘గట్టిగా’ అనే రాసింది. ప్లాస్టిక్ మూత పగిలితే ఎవరు కొనిస్తారు?

జాక్ స్టాండ్ల (జాకీతో లేపిన కారు బరువు మోసే ఇనుప కాళ్ల) గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మిగతావన్నీ డబ్బుతో పోయేవి, ఇది ప్రాణంతో పోయేది. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే. దాని మీద కారుని లేపి కిందికి దూరకూడదు, పెద్ద హైడ్రాలిక్ జాకీ అయినా సరే, దాని సీలు ఏ క్షణంలోనైనా పోవచ్చు. గట్టి, చదునైన నేల మీద నిలిపి, నేల మీదే ఉండే చక్రాలకి ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, మాన్యువల్‌లో చూపించిన చోట జాకీ వేసి లేపి, కారు బరువు స్టాండ్ల మీదికి దించి, చేత్తో గట్టిగా కుదిపి చూసి, అప్పుడే కిందికి వెళ్లాలి. కిట్‌లో రెండు స్టాండ్లున్నాయి. పళ్లలో మెట్టు పడే రకం, అయితే అదనంగా అడ్డంగా దూర్చే పిన్ను లేదు. ఒక స్టాండులో లోపలి నాలుక పళ్ల మధ్య పూర్తిగా దిగడం లేదు, సగం అంచు మీదే ఆగుతోంది. హ్యాండిల్ చూస్తే లాక్ పడినట్టే కనిపిస్తుంది, కిందికి వంగి చూస్తేగానీ తెలియదు. ఖాళీ స్టాండుని నేల మీద పెట్టి పైనుంచి నొక్కి చూసినప్పుడు బయటపడింది. దాన్ని నేను కారు కింద పెట్టలేదు, ఎవరినీ పెట్టనివ్వను. 2020లో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల కంపెనీ సరిగ్గా ఇలాంటి లోపంతోనే, అంటే నాలుక పళ్లలోంచి జారి స్టాండు హఠాత్తుగా దిగిపోవచ్చన్న భయంతో, లక్షల స్టాండ్లని వెనక్కి పిలిచింది. పేరున్నవాటికే అలా అయినప్పుడు, పీసుల లెక్క పెంచడానికి కిట్‌లో వేసిన స్టాండ్లని ఎలా నమ్ముతాం? పిన్ను ఉన్న స్టాండ్లు విడిగా కొనుక్కోండి, విప్పిన చక్రాన్ని కూడా కారు అంచు కింద అడ్డంగా పడేసి ఉంచండి. ఇక్కడ పొదుపు వద్దు, దయచేసి.

అమ్మినవాళ్లకి ఈ స్టాండు సంగతి ఫొటోలతో సహా రాశాను. కిట్ మొత్తం వెనక్కి పంపితే ఇంకోటి పంపుతామన్నారు, స్టాండు ఒక్కటి మార్చడం కుదరదన్నారు. పళ్ల లోపం వేరేవాటిలో కూడా ఉందేమో చూడండి అంటే దానికి జవాబు లేదు. మార్కులు తగ్గించింది స్టాండు పాడైనందుకు కాదు, ఈ జవాబు లేనందుకు.

టార్క్ రెంచి, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచి, దాని విషయంలో మోసం అనలేను, అవగాహన లేదంటాను. ఇచ్చింది అరంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు మొన) ఉన్నది, 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల వరకు కొలిచేది. చక్రాల నట్లకి చక్కగా పనికొస్తుంది, చాలా కార్లకి వాటి బిగువు వంద న్యూటన్ మీటర్లకి కాస్త అటూఇటూ ఉంటుంది, టక్ అని స్పష్టంగా వినిపిస్తుంది కూడా. కానీ క్లిక్ అయ్యే రెంచిలు వాటి కొలత పట్టీలో అడుగు భాగంలో అంత నమ్మకంగా ఉండవు. డ్రెయిన్ బోల్టు, స్పార్క్ ప్లగ్గులు, ఫిల్టర్ మూత, ఇంట్లో చేసుకునే పనుల్లో సున్నితమైనవన్నీ ఆ అడుగు భాగంలోకో, దాని కిందికో వస్తాయి. 30 దగ్గర పెట్టి తిప్పితే క్లిక్ వచ్చిందో లేదో చేతికి తెలియదు, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ బిగించేస్తాం. దీనికి సన్నపాటి, మూడు బై ఎనిమిది అంగుళాల డ్రైవ్ ఉన్న రెంచి కావాలి. ఉన్నదాన్ని వాడేవాళ్లు పని అయ్యాక కొలతని దాని కనిష్ఠ అంకెకి తిప్పి దాచండి, లోపలి స్ప్రింగు నొక్కుకుని ఉండిపోతే కొలత మారిపోతుంది. బోల్టులు విప్పడానికి దీన్ని అస్సలు వాడొద్దు.

స్పార్క్ ప్లగ్గుల సాకెట్ దగ్గర ఇంకో చిరాకు. ప్లగ్గు లోతైన గుంటలో ఉంటుంది, విప్పాక పైకి లాగడానికి సాకెట్ లోపల రబ్బరో అయస్కాంతమో ఉంటుంది. ఈ సాకెట్‌లోని రబ్బరు వదులు. కొత్త ప్లగ్గు బిగించి సాకెట్ లాగితే సాకెట్ ఒక్కటే పైకొచ్చింది, రబ్బరు ప్లగ్గుకే పట్టుకుని గుంటలో ఉండిపోయింది. పొడుగు ముక్కు ప్లయర్‌తో దాన్ని బయటికి లాగడానికి పట్టిన టైములో మిగతా ప్లగ్గులు మార్చేయొచ్చు. అయస్కాంతం ఉన్నది కొనండి. సైజు కూడా చూసుకోండి, ఎక్కువగా 16, కొన్ని కార్లకి సన్నటి 14. ఇంజన్ పూర్తిగా చల్లారాకే ఈ పని పెట్టుకోవాలి. ప్లగ్గు విప్పే ముందు గుంటలో దుమ్ముని గాలితో ఊదేయాలి, లేదంటే అదంతా సిలిండర్‌లోకి పడుతుంది. కొత్తది ఎక్కించేటప్పుడు రాచెట్ తగిలించకుండా వట్టి ఎక్స్‌టెన్షన్ కడ్డీని వేళ్లతో తిప్పుతూ మరలు ఎక్కించండి. వేళ్లకి తేలిగ్గా తిరిగినంతసేపూ మర సరిగ్గా ఎక్కుతున్నట్టే, మొదట్లోనే బిగువు తగిలితే వెనక్కి తిప్పి మళ్లీ పెట్టండి. అన్నట్టు మామూలు నికెల్ ప్లగ్గులు ముప్పై, నలభై వేల కిలోమీటర్లకి మార్చాల్సి వస్తే, ఇరిడియంవి చాలా కార్లలో లక్ష కిలోమీటర్ల దాకా వస్తాయి, ఏవి ఉన్నాయో చూసుకోకుండా ముందే పీకి కూర్చోకండి.

ఇప్పుడు బాగున్నవి చెప్తాను, ఆ రెండు మార్కులు వీటికే. ప్లాస్టిక్ క్లిప్పులు తీసే పట్టీలు అద్భుతంగా ఉన్నాయి, నిజంగా. కారు కింది షీటుకీ, బంపర్ అంచులకీ ఉండే క్లిప్పుల్ని స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే తల విరగడమో పక్కన పెయింటు లేవడమో జరుగుతుంది. ఈ పట్టీ రెండు కొనల మధ్య క్లిప్పు మెడ పట్టుకుని, నడిమి పిన్ను ముందు లేపి, ఆ తర్వాత మొత్తం లాగితే చక్కగా ఊడొస్తుంది. నడిమి పిన్ను లేవకముందే లాగితే ఏ పట్టీ అయినా క్లిప్పుని కాపాడలేదు. కొన్నింటికి పిన్నుని లేపడం కాకుండా లోపలికి నొక్కాలి, అది చూసుకోండి. పాత కార్లలో ప్లాస్టిక్ ఎండి పెళుసుగా అయిపోయి ఉంటుంది, కాబట్టి మీ కారు సైజు క్లిప్పులు కొన్ని తెచ్చి పెట్టుకుని పని మొదలుపెడితే టెన్షన్ ఉండదు. ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ మార్చడానికి ఈ పట్టీలూ, ఒక 10 సాకెట్టూ చాలు. ఏసీ ఫిల్టర్ ఎక్కువ కార్లలో గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది, దాని అంచు మీద గాలి పోయే దిక్కుకి బాణం గుర్తు ఉంటుంది, పాతది తీసేటప్పుడే బాణం ఎటుందో చూసుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండు పనులతోనే మొదలుపెట్టమని నా సలహా.

బ్యాటరీకి ఇచ్చిన 10 పానా, టెర్మినల్ తోమే బ్రష్షు కూడా బాగున్నాయి. ముందు నెగటివ్ విప్పాలి, బిగించేటప్పుడు నెగటివ్ చివర. అలా చేస్తే పానా పొరపాటున కారు బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు. తెల్లగా, పచ్చగా పట్టిన పొడిని సోడా ఉప్పు కలిపిన నీళ్లతో కడిగితే పోతుంది. బ్యాటరీ తీసి పెట్టాక కిటికీ అద్దాలు ఒక్క నొక్కుకి దిగడం మానేస్తే కంగారుపడొద్దు, చాలా కార్లలో వాటిని మళ్లీ సెట్ చేసుకోవాలి, మాన్యువల్‌లో ఉంటుంది.

కిట్‌లో బ్రేక్ పిస్టన్ వెనక్కి నొక్కే పనిముట్టు కూడా వేసి, ‘బ్రేక్ ప్యాడ్లు మీరే మార్చుకోండి’ అని పెట్టె మీద బొమ్మ వేశారు. ఇది నాకు నచ్చలేదు. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో వెనక చక్రాల పిస్టన్‌ని ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి, చాలా కార్లలో దానికి స్కానర్ (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) కావాలి. ఊరికే బలంగా నొక్కితే మోటార్ పాడవుతుంది. ఆ మాట కాగితంలో ఎక్కడా లేదు. బ్రేక్ ఫ్లూయిడ్ సంగతీ లేదు. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థాయి కనీసం 230 డిగ్రీలైతే తేమ పట్టాక 155కి పడిపోవచ్చు, అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు. మొదటిసారి చేసేవాళ్లు పక్కన తెలిసినవాళ్లు లేకుండా బ్రేకుల జోలికి పోవద్దు.

అన్ని తప్పులూ కిట్ మీద తోయడం కూడా న్యాయం కాదు. కార్లు తయారుచేసేవాళ్లకే ఇంట్లో పని చేసుకునేవాళ్లంటే పట్టడం లేదు. కొన్ని కార్లలో హెడ్‌లైట్ బల్బు మార్చాలంటే బంపర్ ఊడదీయాలి. కొన్నింట్లో ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసేసి తెర మీద చూసుకోమంటున్నారు. గేర్‌బాక్స్ ఆయిల్ ‘జీవితకాలం సరిపోతుంది’ అంటారు, ఎవరి జీవితకాలమో చెప్పరు. డ్రెయిన్ బోల్టు దగ్గరికి చేరడానికి ముందు పది పన్నెండు స్క్రూలు విప్పి కింది షీటు దించాలి. అందులో ఒక చిన్న తలుపు పెడితే సరిపోయేది, కొన్ని కంపెనీలు పెట్టాయి కూడా. చెయ్యాలనుకుంటే చెయ్యగలరని అర్థమవుతూనే ఉంది కదా, అక్కడే కోపం వస్తుంది.

మరి ఈ కిట్ బదులు ఏం కొనాలి అని అడిగితే, నేనైతే ఆరు మూలల సాకెట్లు 8 నుంచి 19 వరకు, వాటిలో 10 రెండు మూడు, ఒక పొడుగు హ్యాండిల్, మూడు కాళ్ల ఫిల్టర్ రెంచి, చిన్న టార్క్ రెంచి, పిన్నున్న స్టాండ్లు రెండు, క్లిప్పుల పట్టీలు, మన కారు సైజు వాషర్లు కొన్ని కొంటాను. ఈ కొద్దిపాటి వస్తువులతో మామూలు సర్వీసింగ్ పూర్తవుతుంది. చక్రాల పని ఎక్కువగా ఉంటే తర్వాత పెద్ద టార్క్ రెంచి. ఒకేసారి కొనక్కర్లేదు, ఏ పని ముందు చేస్తారో దానికి కావలసింది ముందు. ఇప్పటికే ఈ కిట్ కొనేసిన వాళ్లుంటే పారేయకండి, క్లిప్పులకీ, ఫిల్టర్లకీ, బ్యాటరీకీ నిశ్చింతగా వాడుకోండి. స్టాండ్లు మాత్రం ఇప్పుడే బయటికి తీసి నాలుక పళ్లలో ఎంతవరకు దిగుతోందో కళ్లతో చూడండి, దిగకపోతే ఎవరికీ ఇవ్వకుండా తుక్కుకి వేసేయండి.

ఆఖరుగా ఆయిల్ పట్టే పళ్లెం. మామూలు కార్లకి మూడున్నర నుంచి ఐదు లీటర్ల దాకా ఆయిల్ దిగుతుంది, ఈ పళ్లెంలో ఆరు లీటర్లు పడతాయని రాశారు కానీ అది అంచుదాకా నింపితే. నాలుగు దాటాక మోసుకెళ్తే అలలు కొట్టి ఒలుకుతుంది, వంపడానికి మూతి కూడా లేదు. మొదట బోల్టు ఊడినప్పుడు ఆయిల్ ధార పక్కకి ఎగిసి, తగ్గేకొద్దీ నిట్టనిలువుగా పడుతుంది, ఇంత చిన్న పళ్లెమైతే మధ్యలో జరుపుతూ ఉండాలి. వెడల్పు పళ్లెం, మూతి ఉన్నది, మూత ఉన్నది తీసుకోండి. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే గరాటుతో పాత ఆయిల్ వంపేసి, మూత బిగించి, మీద ‘వాడిన ఆయిల్’ అని రాసి, పాత ఫిల్టర్‌ని రాత్రంతా బోర్లించి అందులోని ఆయిల్ కూడా దాంట్లోకి దించి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి. కాలువలోకి గానీ మట్టిలోకి గానీ ఒక్క చుక్క కూడా వంపకండి.